మూన్నిమిషాలక్క చెవులు

మా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆవిడకి అందరం కలిసి పెట్టిన పేరు మూన్నిమిషాలక్క. ఎదురుగా ఎవరం అనేవాళ్ళం కాదు గానీ ఆవిడకి తెలుసు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మాట్లాడాలంటే ముందు మాకు చెప్పి, మేం లైను కలిపేదాకా కాచుకుని కూర్చునే రోజులవి. కాల్ అంటే మూడు నిమిషాలు. మూడూ కాగానే ఆపరేటరు మధ్యలోకి వెళ్ళి, "మూడు నిమిషాలయ్యాయి, పొడిగించమంటారా?" అని అడగాలి. మిగతావాళ్ళం ఒక్కోసారి చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్ళం. ఎవరో కొత్త పెళ్ళికొడుకు పెళ్ళాంతో మాట్లాడుతున్నాడంటే మా చేతులు లైన్లు కలిపే బోర్డు మీదకి కాస్త నెమ్మదిగా వెళ్ళేవి. అక్క చెయ్యి మాత్రం గడియారం ముల్లుతో పాటే కదిలేది. లైను కోసం ఇంకో పదిమంది కాచుకుని ఉన్నారు, వాళ్ళలో ఎవరి అవసరం ఎలాంటిదో మనకేం తెలుసు అనేది.

ఒక్కసారి మాత్రం ఒక కాల్ పదకొండు నిమిషాలు నడిపింది. ఇటు ఒక పెద్దాయన, అటు ఆయన కూతురు. లైను కలవగానే ఇద్దరూ ఏడుపు మొదలుపెట్టారు. ఎనిమిది నిమిషాలు ఒక్క మాట లేదు, ఏడుపే. ఆ తర్వాత మాట్లాడుకోవడం మొదలుపెడితే, అక్క అప్పటి నుంచి మూడు నిమిషాలు చూసి కట్ చేసింది. సూపర్వైజరు మెమో ఇచ్చాడు. దానికి ఆవిడ ఒకే ఒక్క వాక్యం రాసిచ్చింది: వాళ్ళు మాట్లాడటం మొదలుపెట్టాకే కాల్ మొదలైనట్టు నేను భావించాను. ఆ కాగితం చేతులు మారి ఎక్స్ఛేంజీ అంతా తిరిగింది.

పంతొమ్మిదో ఏట ఉద్యోగంలో చేరింది. వాళ్ళ నాన్నది సైకిళ్ళ షాపు. రోడ్డు మీద సైకిలు పోతుంటే చప్పుడు విని, గొలుసు వదులైందో బాల్ బేరింగు అరిగిందో చెప్పమని కూతుర్ని పరీక్ష చేసేవాడట. ఆయనిచ్చిన ఆస్తి ఏదైనా ఉంటే ఆ చెవులే. పాము చెవులు అంటారే, అవి. హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుంటే, అవతలి మనిషి పేరు చెప్పకముందే ఊపిరి తీసిన తీరును బట్టి ఎవరో చెప్పేసేది. నాలుగు బోర్డుల అవతల మేం గుసగుసలాడుకుంటే తల తిప్పకుండానే, "ఆ చీర ఎక్కడ కొన్నావో టీ టైములో చెప్పుకోవచ్చు" అనేది. అలా ముప్పై తొమ్మిదేళ్ళు, చివర్లో సూపర్వైజరుగా.

రిటైరయ్యాక మేం ముగ్గురం మిగిలాం. అక్క, నేను, చిట్టి. చిట్టికి ఇప్పుడు అరవై రెండు. చేరినప్పుడు అందరిలోకీ చిన్నది కాబట్టి చిట్టి అయింది, మనవరాలు పుట్టినా చిట్టిగానే ఉండిపోయింది. దాని గొంతు వినడానికే పనిగట్టుకుని తప్పు నంబర్లు చేసేవాళ్ళుండేవాళ్ళు. లైన్లన్నీ రద్దీగా ఉన్నాయి, కాసేపాగి ప్రయత్నించండి అని రికార్డు పెట్టాల్సి వస్తే దాని చేతే చెప్పించారు. తొమ్మిదేళ్ళ పాటు ఊరు ఊరంతా నా గొంతు విని తిట్టుకుంటూ ఫోన్ పెట్టేసింది అని నవ్వుతుంది. దాని మొగుడు లిఫ్టు మెకానిక్కు. మంచివాడే గానీ, పైకీ కిందకీ తప్ప పక్కకి చూడడని దాని ఫిర్యాదు.

రోజూ పదకొండింటికి ముగ్గురం ఫోన్లో కలుస్తాం. ఇంతకుముందు ఇందుకు బోర్డూ తీగలూ కావలసివచ్చేవి, ఇప్పుడు అరచేతిలో ఫోనుంటే చాలు. అక్కే కలుపుతుంది. ఇంకెవరైనా కలిపితే ఆవిడకి నచ్చదు.

ఏం మాట్లాడుకుంటామని మావారు అడుగుతారు. నిన్న జరిగినవి. మా వంటింటి కుళాయి బొట్లు బొట్లుగా కారుతుంటే ప్లంబరు ఎనిమిది రోజులుగా "దారిలోనే ఉన్నానమ్మా" అంటున్నాడు, ఆ దారేమిటో ఎక్కడ మొదలయిందో నాకంతుపట్టలేదు. చిట్టి వాళ్ళ పై వాటాలో కొత్తగా దిగినవాళ్ళు తెల్లారకముందే కుర్చీలు ఈడుస్తారు, ఆ తర్వాత వ్యాయామమని గెంతుతారు, దాని నెత్తి మీద సున్నం రాలుతుంది. అక్క తాను బతికే ఉన్నట్టు రుజువు చేసుకోవడానికి పెన్షను ఆఫీసుకి వెళితే, ఆ వేలిముద్రల మిషను ఆవిడ వేళ్ళను గుర్తుపట్టలేదు. పది వేళ్ళూ అయ్యాక అక్కడి గుమాస్తా మొహమాటంగా ఎవరైనా పెద్దవాళ్ళని వెంటబెట్టుకు రమ్మన్నాడట. డెబ్భై ఏళ్ళ దాన్ని, నాకంటే పెద్దవాళ్ళని ఎక్కడి నుంచి తేనురా అని అడిగి వచ్చేసింది. ఇవీ మా వార్తలు. పేపర్లో ఇలాంటివి రావు, మాకు ఇవి లేకపోతే తోచదు.

అక్క ఉండేది తమ్ముడితో. మొగుడు పోయి ఎనిమిదేళ్ళయింది, పిల్లల్లేరు. తమ్ముడు పెళ్ళి చేసుకోలేదు. గడియారాలు బాగు చేసేవాడు. ఇప్పుడాయనకి అరవై ఆరు, అయినా అక్క పిలుస్తుంది కాబట్టి వీధంతా తమ్ముడూ అనే పిలుస్తుంది, పాలవాడితో సహా. నెమ్మదైన మనిషి. పెదవి దాటని మాట. ఇంట్లో ఏడు గోడ గడియారాలున్నాయి, ఏడూ కలిసి ఒకేసారి కొట్టాలని ఆయన పట్టుదల, ఏ ఒక్కటి అర నిమిషం వెనకబడ్డా అక్క వంటింట్లోంచి చెప్పేది.

పోయిన ఏడాది నుంచి అక్క ధోరణి మారింది. పదకొండింటికి కలిపిన దగ్గర్నుంచి తనే మాట్లాడేది. పక్కింటి కుక్క, మందుల షాపువాడు మాత్రల అట్ట కత్తిరించి ఇస్తే తేదీ ఉన్న ముక్క వాడి దగ్గరే ఉండిపోవడం, తమ్ముడు సబ్బు అరిగి ఆకంత అయ్యేదాకా కొత్తది తియ్యనివ్వకపోవడం. ఒకప్పుడు ఎవరి వంతు వాళ్ళకి ఇచ్చిన మనిషి, ఇప్పుడు మా వంతు రాగానే ఊఁ ఊఁ అనేది, మా మాట పూర్తవకుండానే "సరే, మంచిది" అని ఇంకో సంగతి ఎత్తుకునేది. చిట్టికి ముక్కు మీద కోపం. అక్క పెట్టేశాక మళ్ళీ నాకు ఫోన్ చేసి, ఇంకా సూపర్వైజరీ చేస్తున్నాననుకుంటోందా, మనమేమన్నా ఆవిడ కింద పనిచేస్తున్నామా అని విరుచుకుపడేది. పెద్దదయింది, చాదస్తం అని నేను సర్దిచెప్పేదాన్ని. నిజానికి నాకూ మనసులో ఉండేది. మా సొంతక్క కొడుకు ఉద్యోగం పోయిన సంగతి రెండుసార్లు చెప్పాను, రెండుసార్లూ "శుభం" అంది.

ఇలా ఉండగా ఒక మంగళవారం చిట్టి ఫోన్లో మామూలుగా లేదు. పొద్దున్నే రిపోర్టు వచ్చిందంది. మెడ దగ్గర వాపు అని పరీక్షలు చేయించుకుంటోందని నాకు తెలుసు, అక్కకీ చెప్పింది. అక్క ఆ వేళ కూడా తన గోల తాను చెప్పుకుపోతుంటే, చిట్టి మధ్యలో ఆగమని చెప్పి, గబగబా అసలు సంగతి చెప్పేసింది. గొంతులో గడ్డ ఉంది, ఆపరేషన్ చేసి తీసేస్తారు, ప్రమాదం లేదన్నారు గానీ మాట పోయినా పోవచ్చన్నారు.

అక్క హాయిగా నవ్వి అన్న మాట ఇది:

"పోతే పోనీవే, పీడా విరగడవుతుంది. ఎన్నాళ్ళని భరిస్తాం ఆ గోల? ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది."

చిట్టి ఫోన్ పెట్టేసింది. నేను కూడా ఏమీ అనకుండా పెట్టేశాను. కోపం అనే కంటే, ఇన్నేళ్ళుగా ఎరిగిన మనిషి ఇలా అనగలదా అన్న తెల్లబోవడం ఎక్కువ.

బుధవారం పదకొండింటికి అక్క కలిపింది. చిట్టి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. గురువారం కూడా అంతే. చిట్టి మొగుడికి ఫోన్ చేస్తే, అది ఎవరితోనూ మాట్లాడటం లేదు, ఎలాగూ పోయే గొంతే కదా అంటోంది అని చెప్పి, పాపం ఆయన గొంతే తడబడింది. శుక్రవారం నేను ఉండబట్టలేక అక్క ఇంటికి బయల్దేరాను. ఏం అడగాలో బస్సులో కూర్చుని వరసగా అనుకుంటూ వెళ్ళాను. నలభై ఏళ్ళలో ఆవిడ మీద ఎన్నడూ గొంతెత్తి ఎరగను, ఆ వేళ ఎత్తుదామనే అనుకున్నాను.

తమ్ముడు తలుపు తీశాడు. ముందు గదిలో రేడియో చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. అక్క అటు తిరిగి కిటికీ దగ్గర కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతోంది. అక్కా అని పిలిచాను. పలకలేదు. కోపం అనుకుని, ఇంకాస్త దగ్గరికి వెళ్ళి గట్టిగా పిలిచాను. ఆవిడ తువ్వాలు అంచులు కలిపి, సరిచూసి, మడిచి పక్కన పెట్టింది. అదే సమయానికి గోడ మీది గడియారాలు పన్నెండు కొట్టడం మొదలుపెట్టాయి. అందులో ఒకటి అన్నీ ఆగిపోయాక తీరుబడిగా ఒంటరిగా కొట్టింది. అక్క తల కూడా తిప్పలేదు.

తమ్ముడు నా పక్కనే నిలబడి, ఎప్పట్లాగే పెదవి దాటీ దాటని గొంతుతో చెప్పాడు.

"దాన్ని నేనే వెనక్కి తిప్పి పెట్టాను అక్కయ్యా. నాలుగు నెలలయింది. ఇవాళ కాకపోతే రేపు తిడుతుందని చూస్తున్నాను. తిట్టలేదు."

ఏడాదిగా జరిగినవన్నీ ఒక్కొక్కటే అర్థం మార్చుకున్నాయి. మా సొంతక్క కొడుకు ఉద్యోగం, ఆ శుభాలు, ఆ ఊఁలు. డాక్టరు దగ్గరికి వెళదామని తమ్ముడు ఎన్నోసార్లు అడిగాడట. నువ్వు నోట్లో నోట్లో గొణిగి నాకు చెవుడంటావేం అని ఆయన మీదే నేరం మోపేసిందట. అదీ ఒక విధంగా నిజమే కాబట్టి ఆయన ఊరుకున్నాడు.

నేను వెళ్ళి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. నన్ను చూసి ఉలిక్కిపడింది, వెంటనే సర్దుకుని, ఫోన్ ఎత్తరేం, ఇద్దరికీ ఏం రోగం వచ్చిందని అడిగింది. ఎదుటివాళ్ళ మొహం చూస్తూ ఉంటే ఆవిడకి మాట బాగానే అందుతోంది. పెదవులు చదువుతోంది. ఎదురుపడ్డప్పుడు మాకెవరికీ అనుమానం రాకపోవడానికి కారణం అదే. ఫోన్లో పెదవులెక్కడుంటాయి?

మంగళవారం చిట్టి ఏం చెప్పిందో చెప్పమన్నాను. పై వాటావాళ్ళు ఖాళీ చేసి పోతున్నారని కదా, అంది. పోవచ్చన్నారు అన్నది ఒక్కటే వినపడింది, గోల వాళ్ళదే కదా రోజూ, మిగతాది తనే అల్లుకుంది. నేను నెమ్మదిగా, ఒక్కొక్క మాటా పెదవులతో స్పష్టంగా పలుకుతూ, చిట్టి అన్నదీ దానికి తనన్నదీ చెప్పాను.

ఆవిడ మొహంలో రంగు పోవడం చూశాను. చేతిలో ఉన్న దిండు గలీబును విప్పింది, మళ్ళీ మడిచింది, మళ్ళీ విప్పింది. తమ్ముడు వెళ్ళి రేడియో కట్టేశాడు. గలీబు పక్కన పెట్టి అప్పుడంది అక్క:

"ఆ చెవులు తప్ప నాకేముందే? నన్ను ఎవరైనా గుర్తుపెట్టుకున్నారంటే వాటికోసమే. అవి పోయాయని చెబితే, దీనికి ఫోన్ చేసి ఏం లాభం అని మీరే మానేస్తారనుకున్నాను."

"అందుకని మమ్మల్ని నోరెత్తనివ్వలేదా?"

"నేను మాట్లాడుతున్నంతసేపూ నాకు వినిపించక్కర్లేదు కదా."

అలా అని లేచి చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది. చిట్టి దగ్గరికి ఇప్పుడే వెళ్ళాలంది. అన్నం తిని వెళదామన్నాడు తమ్ముడు. ఆవిడకి వినపడలేదో, వినపడనట్టు ఊరుకుందో తెలియదు. ఆ రోజు నుంచి ఆ రెంటికీ తేడా తెలుసుకోవడం మాకందరికీ కష్టమైంది.

చిట్టి ఇంట్లో దాని మొగుడు మమ్మల్ని చూసి ప్రాణం లేచొచ్చినట్టు పక్కకి తప్పుకున్నాడు. అది మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అక్క చెప్పులు గుమ్మం దగ్గర వదలడం కూడా మర్చిపోయి నేరుగా వెళ్ళి మంచం అంచున కూర్చుంది. నాకు చెవులు పోయాయే అంది. అంతే, ముందూ వెనకా ఏమీ లేదు. ఏడాదయింది, ఎడమది పూర్తిగా, కుడిది సగానికి పైగా, నువ్వు మీ పై వాటావాళ్ళ సంగతి చెబుతున్నావనుకున్నాను అంది.

చిట్టి కదల్లేదు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. అక్కకి చెవుడంటే నమ్మడం కష్టమే మరి, నాలుగు బోర్డుల అవతలి చీర సంగతి విన్న మనిషి. కాసేపయ్యాక గోడవైపే చూస్తూ, పెద్దగా కాదు, మామూలు గొంతుతోనే, "నువ్వొట్టి రాక్షసివి" అంది.

అక్క అలాగే కూర్చుని ఉంది. దాని వీపు కదిలినట్టు కనిపించిందేమో, నా వైపు తిరిగి, ఏమంటోందని కళ్ళతో అడిగింది.

"టీ తాగుతావా అని అడుగుతోంది" అన్నాను.

"తాగుతానని చెప్పు. చక్కెర తక్కువ."

గోడవైపు నుంచి ముందు ముక్కు చీదిన చప్పుడు, తర్వాత నవ్వు. చిట్టి ఇటు తిరిగింది. నవ్వుతోందో ఏడుస్తోందో దానికే తెలియాలి. మూడు రోజుల తర్వాత నోరు విప్పింది కదా, ఇంక ఆగలేదు. దాని నోట్లో నువ్వుగింజ నానదు. ఆసుపత్రిలో ఎవరేమన్నారో, మొగుడు ఎలా బెంబేలు పడ్డాడో, పై వాటావాళ్ళు అదే రోజు కొత్త సోఫా ఎలా ఎక్కించారో అన్నీ చెప్పింది. అక్క దాని మొహం మీంచి చూపు తిప్పకుండా విన్నది. దాని మొగుడు పెట్టిన టీ చల్లారిపోయింది.

ఆ మరుసటి వారమే అక్కని చెవుల పరీక్షకి తీసుకెళ్ళాం. ఒక చిన్న అద్దాల గది. అందులో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక బటనిచ్చారు. చప్పుడు వినపడ్డప్పుడల్లా నొక్కాలి. హెడ్‌ఫోన్లు తలమీద పడగానే ఆవిడ నడుం దానంతటదే నిటారైంది. డ్యూటీలో కూర్చున్నట్టే కూర్చుంది. టకటకా నొక్కుతోంది. పరీక్ష చేసే అమ్మాయి కాసేపు చూసి, తలుపు తీసి, "అమ్మమ్మా, మొదటి నాలుగైదు తప్ప నేను ఏ చప్పుడూ వెయ్యలేదు" అంది. చప్పుళ్ళ మధ్య వ్యవధి కనిపెట్టి లెక్క ప్రకారం నొక్కుతోంది ఈవిడ. పట్టుబడ్డాక కాస్త సిగ్గుపడింది గానీ, నువ్వు మధ్యలో సమయం మార్చాలమ్మా లేకపోతే ఎవరైనా చెప్పేస్తారని ఆ అమ్మాయికే పాఠం చెప్పింది.

మిషను వచ్చింది. కుడి చెవి వెనక చిక్కుడు గింజంత. పెట్టుకున్న మొదటి రోజు నుంచీ ఆవిడ వార్తలన్నీ దాని గురించే. పేపరు పేజీ తిప్పితే రేకు చింపినట్టుందట. చెప్పులు నేలకి రాసుకుంటే ఎవరో వెనక వస్తున్నారని మూడుసార్లు తిరిగి చూసిందట. అన్నిటికంటే ఘోరం, తమ్ముడు భోంచేసే చప్పుడు. ఈ ఏడాదంతా ఆ ఒక్కటీ వినపడకపోవడం తాను చేసుకున్న పుణ్యమంది. గడియారం మాత్రం మర్నాడే సరి చేయించింది. ఫోన్ చెవికి ఆనిస్తే మిషను కుయ్యిమని ఈల వేస్తుంది. అందుకని ఫోన్ బల్లమీద పెట్టి, స్పీకరు పెట్టి మాట్లాడటం నేర్చుకుంది. దానివల్ల మా సంగతులన్నీ తమ్ముడికి కూడా తెలిసిపోతున్నాయి. ఆయన విననట్టే ఉంటాడు గానీ, మా ప్లంబరు వచ్చాడా అని ఓసారి నన్ను వీధిలో ఆపి అడిగాడు.

చిట్టికి ఆపరేషన్ అయిన రోజు ఆసుపత్రి వరండాలో ముగ్గురం బెంచీ మీద కూర్చున్నాం. నేను, అక్క, లిఫ్టు మెకానిక్కు. ఆయన అక్కడి లిఫ్టు వచ్చినప్పుడల్లా తలెత్తి, తలుపు తీగ వదులుగా ఉంది అని తనలో తను అనుకుంటున్నాడు. బళ్ళ చక్రాలు, గిన్నెలు, ఎవరో పిల్లాడి ఏడుపు, అన్నీ కలిసి మిషనులోంచి తలలో సుత్తులు కొడుతున్నట్టున్నాయని అక్క దాన్ని తీసి సంచిలో వేసేసింది. సరిగ్గా అప్పుడే డాక్టరు బయటికొచ్చి నాలుగు ముక్కలు చెప్పి వెళ్ళిపోయాడు. ఆవిడకి ఒక్కటీ అందలేదు. ఏమన్నాడు, ఏమన్నాడు అని నా భుజం పట్టుకు కుదిపేసింది. నేను గట్టిగా, బాగానే జరిగింది, గడ్డ మంచిదే, భయం లేదు అని అరిస్తే, వరండాలో ఉన్న ఎవరెవరో ముక్కూ మొహం తెలియని వాళ్ళు కూడా మా వైపు చూసి తలూపారు. అక్క కొంగుతో మొహం తుడుచుకుని, అంత గట్టిగా అరవాలా, ఇది ఆసుపత్రి అని నన్ను కోప్పడింది.

చిట్టిని మూడు వారాలు మాట్లాడవద్దన్నారు. దానికి అంతకంటే పెద్ద శిక్ష లేదు. అయినా పదకొండింటికి ఫోన్ మానలేదు. చెంచాతో టీ కప్పు మీద కొట్టేది. ఒకటి కొడితే అవును, రెండు కొడితే కాదు, గబగబా కొడితే మీరిద్దరూ ఆపండి అని. అక్కకి మాట కంటే ఆ చప్పుడు బాగా అందేది. ఆ మూడు వారాలూ ఆవిడ చిట్టి ఏం చెప్పాలనుకుంటుందో ఊహించి, దాని తరపున తనే ప్రశ్నలు వేస్తూ నడిపింది. పైవాళ్ళు ఇవాళ గెంతారా? ఒకటి. మీ ఆయన కూరలో ఉప్పు వేశాడా? రెండు. మొత్తం మీద చిట్టి ఇంటి సంగతులు అంత వివరంగా మాకు ఎప్పుడూ తెలియలేదు.

మూడు వారాలయ్యాయి, మాట్లాడవచ్చన్నారు. అయినా చెంచాయే మోగింది. నాలుగో రోజు నాకు అనుమానం వచ్చి దాని మొగుణ్ణి అడిగాను. మాట వచ్చింది గానీ ఆ గొంతు కాదు, బొంగురు, దానికి వినాలనిపించడం లేదు, ఫోన్లో అసలే మాట్లాడనంటోంది అన్నాడు. ఆ సంగతి అక్కకి చెప్పాను. ఆ పూట పదకొండింటికి ముగ్గురం కలిశాం. చెంచా మోగింది. అక్క ఇంక ప్రశ్నలు వెయ్యలేదు.

"చూడవే చిట్టీ. ఈ మిషను పెట్టుకున్నాక నాకు ఎవరి గొంతూ పాత గొంతులా లేదు. మనలో మూడోదాని గొంతు రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసినట్టుంటుంది. మా తమ్ముడిది నూతిలోంచి వస్తుంది. నాదే నాకు పరాయిగా ఉంది. నీ ఒక్కదానిదే మారిందని నీకెవరు చెప్పారు? మాట్లాడు."

లైనులో ఉందో లేదో తెలియలేదు. తర్వాత ఒక ముతక గొంతు, ఎవరో జలుబు చేసిన మగమనిషి గొంతులాంటిది, ఆగి ఆగి, "పైవాళ్ళు కుక్కని తెచ్చుకున్నారు" అంది.

"ఏమన్నావు?" అంది అక్క.

"కుక్క. కుక్కని తెచ్చుకున్నారు."

"ఎంత కుక్క?"

అక్కడి నుంచి మామూలే. దాని గొంతు రెండు నెలలకి కాస్త తేరుకుంది గానీ పాతది రాలేదు, రాదట. దాని ఇంటికి ఫోన్ చేసినవాళ్ళు "బాబాయిగారూ" అంటున్నారు, మొదట ఏడ్చేది, ఇప్పుడు బాబాయిగారిలాగే జవాబిచ్చి పెట్టేస్తోంది. అక్కలో వచ్చిన మార్పు ఇంకోటి. వినపడలేదు అన్న మాట ఏడాది పాటు నోటి వెంట రానివ్వని మనిషి, ఇప్పుడు ఎక్కడపడితే అక్కడ దర్జాగా అంటోంది. మందుల షాపులో, బస్సులో, పెన్షను ఆఫీసులో. వినపడలేదు, మళ్ళీ చెప్పండి, ఈసారి మొహం ఇటు తిప్పి చెప్పండి. గొణిగే ఉద్యోగులంతా ఆవిడ వస్తోందంటే గొంతు సవరించుకుంటున్నారట. తమ్ముడు కూడా పెదవి దాటించి మాట్లాడటం నేర్చుకున్నాడు, అరవై ఆరో ఏట.

నిన్నటి సంగతి చెప్పి ముగిస్తాను. చిట్టి వాళ్ళ పైవాళ్ళ కుక్క మెట్ల మీంచి దిగొచ్చి, దాని మొగుడి చెప్పు ఒకటి ఎత్తుకుపోయింది. చిట్టి ఆ బొంగురు గొంతుతో చెబుతుంటే అక్కకి చెప్పు అన్న మాట అందలేదు. ఏం ఎత్తుకుపోయిందంటుంది ఆవిడ, చెప్పు అంటుంది ఇది, చెప్పమనే కదా అడుగుతున్నానంటుంది ఆవిడ. నేను మధ్యలో దూరి తీరుద్దామనుకునేలోపు పొయ్యి మీద పాలు పొంగాయి. ఫోన్ బల్ల మీద పెట్టి వెళ్ళి, పొయ్యి కట్టేసి, గట్టు తుడిచి, గుడ్డ పిండి ఆరేసి వచ్చాను. ఇద్దరూ ఇంకా అక్కడే ఉన్నారు.